లప్పం కింద

నేను చూద్దామని వెళ్లిన కళా ప్రదర్శన అంతకు ముందురోజే ముగిసిపోయింది. సగం ఎత్తి ఉన్న షట్టరు కింద నుంచి తొంగిచూస్తే లోపల నిచ్చెన మీద ఒక పెద్దాయన, ఆయన చేతిలో రేకుముక్క, ఎదురుగా మేకులు పీకిన గోడ కనిపించాయి. తేదీ పొరబడ్డానని అర్థమై వెనుదిరగబోతుంటే ఆయన తల తిప్పకుండానే "ఆ లప్పం డబ్బా కాస్త ఇటు అందిస్తారా?" అన్నారు. అందించాను. మేకు తీసిన చోట లప్పం ఎలా నొక్కాలో, ఆరాక ఉప్పుకాగితంతో ఎంత మెల్లగా రుద్దాలో ఆయనే చూపించారు. చీకటి పడేసరికి రెండు గోడలు నునుపు తేలాయి. మా ఇద్దరి తలలూ తెల్లబడ్డాయి. పేర్లు చెప్పుకున్నది ఆ తరువాత, కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నప్పుడు.

ఆ హాలుతో నా పరిచయం అలా మొదలైంది. బొమ్మను చూడకముందే, అది వేలాడిన చోట మిగిలిన రంధ్రాన్ని చూశాను. ఆ తరువాత పన్నెండేళ్లు అక్కడే ఉన్నాను. నాకు బొమ్మలు వేయడం రాదు, మట్టి పిసకడం రాదు. షట్టరు ఎత్తడం, దించడం, లైట్లు సర్దడం, వచ్చినవాళ్లను రిజిస్టరులో రాయడం, ప్రదర్శన అయిపోయాక గోడలను మళ్లీ తెల్లగా చేయడం నా పనులు. వీటిని చిన్న పనులని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

హాలంటే గొప్పగా ఊహించుకోకండి. ఒకప్పుడు సరుకులు నిలవచేసిన గోడౌను. రేకుల కప్పు, గచ్చు నేల, సరిగ్గా నడిమధ్యన ఒక స్తంభం. ఆ స్తంభాన్ని విసుక్కోని కళాకారులు లేరు. చివరకు దాన్ని తమ పనిలో కలుపుకోనివాళ్లూ తక్కువే. ఒకాయన దాని చుట్టూ ఇటుకగోడ కట్టి దాన్ని కనబడకుండా చేశాడు. ఒకామె దాని కొలతలతోనే పదకొండు కాగితపు స్తంభాలు చేసి హాలంతా నిలబెట్టి, కప్పును మోస్తున్నది ఏదో కనుక్కోమన్నారు. పడమటి గోడకు వానాకాలంలో చెమ్మ పట్టేది. అందుకని కాగితం మీద చేసిన పనులన్నీ తూర్పు గోడకే వెళ్లేవి.

ఆ గోడౌనును ఐదుగురు కళాకారులు కలిసి అద్దెకు తీసుకున్నారు. నెలనెలా ఎవరి చందా వారిది. అమ్మకాలు లేవు కాబట్టి కమిషన్లూ లేవు. ఏ ప్రదర్శన పెట్టాలో ఆదివారం సాయంత్రాలు నేల మీద చాపలు పరుచుకుని తేల్చుకునేవాళ్లం. ఆ సమావేశాల్లో ఒకే ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు ఏ ఆలోచన తెచ్చినా "ఇది కళేనా?" అని అడగకూడదు. "దీనికి ఏమేమి కావాలి?" అని మాత్రమే అడగాలి. చాలా తెలివైన కట్టుబాటని నా నమ్మకం. మొదటి ప్రశ్న వేస్తే అందరూ మాట్లాడతారు, పని ముందుకు సాగదు. రెండో ప్రశ్న వేస్తే ఆలోచన తెచ్చిన మనిషి నిచ్చెన ఎత్తు గురించి, వైరు పొడవు గురించి, చీకటి ఎంత చిక్కగా ఉండాలనే దాని గురించి చెప్పాల్సి వస్తుంది. చెప్తూ చెప్తూనే తనకు ఏమి కావాలో తనకే తెలుస్తుంది. ఆలోచన పలచనైతే అదీ అక్కడే బయటపడుతుంది, ఎవరూ నొచ్చుకోకుండా.

నిచ్చెన మీద కనిపించిన ఆ పెద్దాయన శిల్పి, ఆ ఐదుగురిలో అందరికన్నా వయసులో పెద్ద. ఒక ఇనుప బీరువా నిండా జిరాక్సు కాగితాలు, పాత కేటలాగులు పోగుచేశారు. పని చేస్తున్నంతసేపూ వాటిలోని కథలే చెప్పేవారు. 1874 ఏప్రిల్‌లో పారిస్‌లో, తరువాత ఇంప్రెషనిస్టులని పేరుపడిన మోనే, దెగా, రెన్వార్, మోరిసో, పిస్సారో తదితర చిత్రకారులు ఫొటోగ్రాఫర్ నాదార్ ఖాళీ చేసిన స్టూడియోలో సొంతంగా ప్రదర్శన పెట్టుకున్నారని, చందాలు వేసుకుని సంఘం కట్టారని, ఆ ఏడాది ముగిసేలోపే అప్పులతో సంఘాన్ని రద్దు చేసుకున్నారని ఆయన నోటనే మొదట విన్నాను. "చూశావా, ఇంప్రెషనిస్టులకైనా అద్దె బాధ తప్పలేదు" అనేవారు. ఆ మాట చెప్పినప్పుడల్లా ఆయన ముఖంలో దిగులు కాదు, ధైర్యం కనిపించేది.

ఆయనకు ప్రాణమైన కథ మాత్రం న్యూయార్క్‌లోని 112 గ్రీన్ స్ట్రీట్‌ది. పాత గుడ్డపేలికల వ్యాపారం నడిచిన భవనం. 1970లో జెఫ్రీ లూ అనే కళాకారుడు దాని కింది అంతస్తును తోటి కళాకారులకు తెరిచిపెట్టాడు. గోడలకు మెరుగులు దిద్దలేదు, నేల సరిచేయలేదు. మరుసటి ఏడాది గోర్డన్ మట్టా-క్లార్క్ అనే ఇంకొక కళాకారుడు అక్కడి నేలమాళిగలో గొయ్యి తవ్వి చెర్రీ మొక్క నాటాడు. సూర్యుడి వెలుగు చొరని చోట దీపం వెలుతురులో పెరగాలి. కొన్ని నెలలకే అది ఎండిపోయింది. పెద్దాయన ఆ ఫొటో జిరాక్సును అందరికీ చూపించేవారు. నల్లగా అచ్చుపడిన ఆ కాగితంలో కొమ్మలు ఏవో నీడలు ఏవో తెలిసేది కాదు. నాకు మాత్రం ఆ గొయ్యి తవ్వనిచ్చిన మనిషి మీదికే మనసు పోయేది. తన భవనం పునాది దగ్గర తవ్వుతానంటే సరేనన్న జెఫ్రీ లూ గుండె ఎంత పెద్దదో కదా!

ఆ కథ విన్న మా కుర్రాడొకడు మా గచ్చు కూడా పగలగొడతానన్నాడు. అద్దె ఒప్పందం ఒప్పుకోదు. "దీనికి ఏమేమి కావాలి?" అని అడిగాం. రెండు గంటల తరువాత తేలినదేమిటంటే, వాడికి కావాల్సింది గొయ్యి కాదు, గొయ్యి తవ్వుతున్న చప్పుడు. తన ఇంటి పెరట్లో తవ్వుతూ రికార్డు చేసుకొచ్చి, చెక్కపెట్టెలో స్పీకరు దాచి నేల మీద బోర్లించాడు. హాలు ఖాళీగా ఉండేది. వచ్చినవాళ్లు ఆ పెట్టె దగ్గర ఆగి, తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేసేవారు. నేను పదిరోజులు ద్వారం దగ్గర కూర్చుని ఆ అడుగునే చూశాను.

చప్పుడు గురించి చెప్పాలంటే ఇంకొక సాయంత్రం గుర్తుకొస్తుంది. అమెరికా స్వరకర్త ఆల్విన్ లూసియర్ 1969లో ఒక రచన చేశాడు. గదిలో కూర్చుని కొన్ని వాక్యాలు చదివి రికార్డు చేయాలి. ఆ రికార్డును అదే గదిలో స్పీకరు నుంచి వినిపిస్తూ మళ్లీ రికార్డు చేయాలి. దాన్ని మళ్లీ వినిపించి మళ్లీ రికార్డు చేయాలి. ప్రతి గదికీ దాని పొడవు, వెడల్పు, ఎత్తులను బట్టి కొన్ని స్వరాలు ఎక్కువ మోగుతాయి, కొన్ని అణిగిపోతాయి. పదేపదే తిప్పుతూ పోతే మోగేవి పేరుకుంటాయి, మాటలు కరిగిపోతాయి, చివరకు గది సొంత నాదం మిగులుతుంది. లూసియర్‌కు నత్తి ఉండేది. ఆ తడబాటును కూడా గది మెల్లగా నునుపు చేసేస్తుంది. వేరే గదిలో, వేరే గొంతుతో, వేరే మాటలతో చేసుకోవచ్చని ఆయనే రాసిపెట్టాడు కాబట్టి మేమూ చేశాం.

మా వాళ్లలో ఒకమ్మాయి ఎంచుకున్న మాటలు మా అద్దె ఒప్పందంలోనివి. "గోడలకు, నేలకు, కప్పుకు నష్టం కలిగించరాదు" అనే భాగం. మొదటి నాలుగైదు సార్లు నవ్వులు వినిపించాయి. పదోసారికి ఎవరూ కదలలేదు. అక్షరాలు ఒకదానిలోకి ఒకటి ఒరిగిపోయి, లోతైన ఇత్తడి గంటను దూరం నుంచి విన్నట్టు ఒక హోరు మొదలైంది. దాని పైన రేకుల కప్పు సన్నగా, వణుకుతున్నట్టు ఇంకొక స్వరం కలిపింది. పన్నెండేళ్లలో ఆ హాలుకు ఎందరో గొంతునిచ్చారు, హాలు తన గొంతు వినిపించింది ఆ ఒక్క సాయంత్రమే. ఆ తరువాత ఎప్పుడు ఒంటరిగా షట్టరు ఎత్తినా లోపలికి అడుగుపెట్టే ముందు ఒక్క క్షణం నిలబడి వినేవాణ్ణి. ఏమీ వినిపించేది కాదు. అయినా అలవాటు పోలేదు.

రేకుల కప్పుది ఇంకొక కథ. అమెరికా స్వరకర్త జాన్ కేజ్ మూడు భాగాల నిశ్శబ్ద రచనను పియానో విద్వాంసుడు డేవిడ్ ట్యూడర్ 1952 ఆగస్టు 29న అమెరికాలోని వుడ్‌స్టాక్‌లో మొదటిసారి ప్రదర్శించాడు. నాలుగు నిమిషాల ముప్పై మూడు సెకన్లు పియానో ముందు కూర్చుని ఒక్క మీటా నొక్కలేదు. అడవి అంచున, వెనుకవైపు తెరిచి ఉన్న ఆ హాల్లో గాలి వినిపించిందని, తరువాత కప్పు మీద వాన చినుకులు వినిపించాయని కేజ్ తరువాత గుర్తుచేసుకున్నాడు. మాకు పియానో లేదు. ఒక వయొలిన్ విద్వాంసుడు వచ్చి, వయొలిన్ భుజాన ఆనించి, కమాను ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. వాన రాలేదు. మొదటి భాగంలో పక్క వీధిలో ఎవరో మోటారు స్టార్టు చేయలేక అవస్థపడుతున్నారు. రెండో భాగమంతా అదే. మూడో భాగంలో అది స్టార్టయింది. హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. సంగీతానికి ముగింపు ఎలా ఉండాలో నాకు అంత బాగా ఎవరూ చెప్పలేదు.

అన్నీ ఇలా కుదిరేవి కావు. తనంతట తాను గీతలు గీసే యంత్రం తెచ్చాడొకతను. ప్రారంభమైన పది నిమిషాలకే మోటారు కాలిపోయింది. మూసేయడమా వద్దా అని మల్లగుల్లాలు పడ్డాం. అతను మరునాడు పనిముట్ల సంచితో వచ్చి, యంత్రం పక్కనే కూర్చుని విప్పడం మొదలుపెట్టాడు. తొమ్మిది రోజులూ అలాగే చేశాడు. జనం వచ్చి పక్కన కూర్చునేవారు, స్క్రూలు పట్టుకునేవారు, సలహాలిచ్చేవారు. యంత్రం చివరిదాకా కదలలేదు. రిజిస్టరులో ఆ తొమ్మిది రోజుల పేజీలు నిండుగా ఉన్నాయి. వచ్చినవాళ్లలో కొందరు మూడేసిసార్లు వచ్చారు. చెడిపోయిన యంత్రాన్ని తలుపులు తెరిచి అందరి ముందూ బాగుచేసుకోనిచ్చే చోటు మా హాలు కాక ఇంకొకటి ఉండేదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

మేము నిజంగా పోట్లాడుకున్నది ఒక్కసారే. ఒంటిని కష్టపెట్టుకునే పర్ఫార్మెన్స్, అంటే కళాకారుడు జనం ముందు తన ఒంటితోనే చేసి చూపేది, ఒకటి ప్రతిపాదనకు వచ్చింది. వివరాలు చెప్పను, ఆ మనిషి ఇప్పుడు ఆ దారిలో లేరు. ఆ రాత్రి బీరువాలోంచి రెండు కాగితాలు బయటికి వచ్చాయి. ఒకటి అమెరికా కళాకారుడు క్రిస్ బర్డెన్‌ది. 1971 నవంబరు 19న కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో ఎఫ్ స్పేస్ అనే చోట స్నేహితుడి చేత .22 రైఫిల్‌తో తన చేతిలోకి కాల్పించుకున్నాడు. ఎఫ్ స్పేస్ కూడా మా హాలు లాంటిదే, కళాకారులు తామే నడుపుకున్నది. చూసినవాళ్లు కొద్దిమంది స్నేహితులు. రెండోది మరీనా అబ్రమోవిచ్ అనే కళాకారిణి 1974లో ఇటలీలోని నేపుల్స్‌లో చేసినది. బల్ల మీద 72 వస్తువులు పెట్టి, గులాబీ నుంచి తుపాకీ దాకా, ఆరు గంటలపాటు తన మీద దేనినైనా వాడవచ్చని చూపరులకు అప్పగించింది. వాళ్లు బట్టలు కత్తిరించారు, ఒళ్లు గీరారు, ఒకరు తుపాకీని ఆమె మెడకే గురిపెట్టేదాకా పోయింది. చూపరులలోనే కొందరు అడ్డుపడ్డారు.

కళాకారుడి స్వేచ్ఛకు అడ్డుచెప్పడానికి మనమెవరమని సగంమంది, చూస్తూ ఊరుకోవడానికి మనమెవరమని సగంమంది. తెల్లవారుజాము దాకా సాగింది. పెద్దాయన మాత్రం ఒక్క మాట అడిగారు: "ఆ నేపుల్స్ గదిలో షట్టరు దగ్గర ఎవరు కూర్చున్నారు?" ఎవరికీ తోచలేదు. ఆ రోజు నుంచి మాకు ఇంకొక కట్టుబాటు వచ్చింది. ప్రతి పర్ఫార్మెన్స్‌కూ మాలో ఒకరు కాపు ఉండాలి. కాపు ఉన్నవాళ్లు చూడటానికి వచ్చినట్టు కాదు, అవసరమైతే లైట్లు వేసి ఆపేసే అధికారం వాళ్లది. ఆపితే తరువాత ఎవరూ ప్రశ్నించకూడదు. ఎక్కువసార్లు ఆ కాపు నేనే. ఒక్కసారి కూడా లైట్లు వేయాల్సిన అవసరం రాలేదు. కానీ స్విచ్చు మీద వేలు పెట్టుకుని చూసిన ప్రదర్శనలు నాకు గుర్తున్నంత బాగా మరేవీ గుర్తులేవు. అంత శ్రద్ధగా నేను ఇంకెప్పుడూ ఏదీ చూడలేదు.

కమిటీ విషయంలో మేము స్కాట్లాండ్‌లో గ్లాస్గో నగరంలోని ట్రాన్స్‌మిషన్ గ్యాలరీ దారి పట్టాం. 1983లో మొదలైన ఆ గ్యాలరీని కళాకారుల కమిటీ జీతం లేకుండా నడిపేది, ఒక్కొక్కరూ రెండేళ్లకు మించి ఉండేవారు కాదు. మా దగ్గరా అలాగే కొత్తవాళ్లు వచ్చేవారు, పాతవాళ్లు తప్పుకునేవారు. దానివల్ల హాలు ఎవరి సొత్తూ కాకుండా నిలిచింది. కానీ రెండేళ్లకొకసారి జ్ఞాపకం కూడా వెళ్లిపోయేది. నిచ్చెన ఎక్కడ ఊగుతుందో, ఏ ప్లగ్గులో ప్రొజెక్టరు పెడితే ఫ్యూజు పోతుందో, పడమటి గోడ చెమ్మ సంగతి ఏమిటో కొత్తవాళ్లకు మళ్లీ మొదటినుంచి చెప్పాలి. కమిటీలో లేని నేను, కళాకారుణ్ణి కాని నేను, అలా అన్నీ గుర్తుంచుకునే మనిషినయ్యాను.

నేను హాలుకు వచ్చిన ఎనిమిదో ఏట పెద్దాయన పోయారు. చివరి నెలల్లో కూడా వచ్చి కుర్చీలో కూర్చుని, లప్పం సరిగ్గా పడుతున్నదో లేదో చూసేవారు.

ఇక పదో ఏడు. ఇంతసేపూ నేను రాస్తున్నది నిజానికి దాని కోసమే.

వేరే ఊరి నుంచి ఒకామె దరఖాస్తు పంపారు. సాధారణంగా నాలుగైదు పేజీలు వస్తాయి. ఆమె కాగితంలో ఒకే వాక్యం ఉంది: "కొత్తగా ఒక్క మేకు కూడా కొట్టను." కమిటీకి అంతకన్నా ఏమీ చెప్పలేదు. ఏమేమి కావాలంటే, ఖాళీ హాలు, ఒక నిచ్చెన, ఆరు రోజులు, ఇన్ని ఏళ్లుగా ఇక్కడున్న ఎవరైనా ఒక మనిషి కావాలన్నారు.

వచ్చిన రోజు ఆమె సంచిలోంచి తీసినవి టార్చిలైటు, దబ్బనం, ఎర్రదారపు ఉండలు. లైట్లన్నీ ఆర్పించి టార్చిని గోడకు ఆనించి పక్కవాటుగా వేశారు. అంత తెల్లగా, అంత నునుపుగా నేను చేశాననుకున్న గోడ ఆ వెలుగులో మశూచి పోసిన ముఖంలా లేచింది. లప్పం పెట్టిన ప్రతి చోటా చిన్న గుంటో, చిన్న బొడిపో ఉంది. ఆమె దబ్బనంతో ఒక్కొక్క దాన్నీ గీకి లప్పం రాలగొట్టి, రంధ్రం తెరిచి, అందులో సన్నని పుల్ల గుచ్చి, పుల్లకు దారం కట్టడం మొదలుపెట్టారు.

నాకు కోపం వచ్చింది. దాచడం ఎందుకు, నొప్పిగానే ఉంది. పదేళ్ల పాటు నేను చేసిన పని అంతా ఆమె దబ్బనం మొనతో పొడిపొడిగా నేల మీద రాలుతోంది. పక్కన నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను, మాట్లాడలేదు. పది పన్నెండు తెరిచాక ఆమె కిందికి చూసి అడిగారు:

"ఈ నాలుగూ ఒకే కొలతలో ఉన్నాయి. ఎవరివి?"

జవాబు నా నోటికి దానంతట అదే వచ్చింది. "అవి పటాలవి. చెక్క చట్రాలు. ఆయన ఎడమచేతివాటం మనిషి, అందుకే మేకులన్నీ ఇటు వాలి ఉంటాయి."

"మరి నేలకు ఇంత దగ్గరగా ఈ వరుస?"

"ఒక అబ్బాయి బొమ్మలన్నీ చీలమండ ఎత్తులో వేలాడదీశాడు. చూడాలంటే అందరూ కింద కూర్చోవాల్సిందే. పదమూడు బొమ్మలు."

లెక్కపెట్టారు. పదమూడే.

ఆ రాత్రి పొద్దుపోయేదాకా ఆమె తెరుస్తూనే ఉన్నారు, నేను చెబుతూనే ఉన్నాను. డ్రిల్లుతో వేసిన లోతైన జత, గాలిలో వలను వేలాడదీసినది. అడ్డదిడ్డంగా పడిన ఎనిమిది మేకులు, కొలతల దగ్గర ఇద్దరు స్నేహితులు మాటామాటా అనుకుని చెరొకవైపు నుంచి కొట్టుకుంటూ వచ్చినవి. భుజం ఎత్తులో హాలు నాలుగు గోడలా చుట్టూ తిరిగే మేకుల బాట, చీకట్లో చేతులతో తడిమి చూడాల్సిన ప్రదర్శన కోసం తాడు కట్టినది. ఆ ప్రదర్శన అయ్యాక వందల అరచేతుల మరకలు పోవడానికి మూడు కోటింగులు పట్టాయి. నా కోపం ఎప్పుడు పోయిందో గమనించలేదు.

మూడోరోజు ఆమె అసలు సంగతి చెప్పారు. "దారాలు నావి. చెప్పేది మాత్రం మీరే. వచ్చినవాళ్లు ఏ దారం ముట్టుకుంటే దాని కథ మీరు చెప్పాలి." కుదరదన్నాను. నేను ద్వారం దగ్గర కూర్చునే మనిషిని, ఆ వెలుగులో నిలబడే మనిషిని కాదన్నాను. ఆమె బతిమాలలేదు. "మీరు చెప్పకపోతే ఇవి రంధ్రాలే" అని మళ్లీ పనిలో పడ్డారు. రెండు రోజులు ఆలోచించాను. ఐదో రోజు సాయంత్రం రిజిస్టరును వేరొకరి చేతికిచ్చి, హాలు మధ్యన ఆ స్తంభం పక్కన నిలబడ్డాను.

మొదటి దారం ముట్టుకున్నది కాలేజీ పిల్ల. నా గొంతు పూడుకుపోయింది. రెండో దారానికి తేరుకున్నాను. తరువాత ఇక ఆగలేదు. వచ్చినవాళ్లలో పాతవాళ్లూ ఉన్నారు. ఒకాయన నన్ను ఆపి "కాదండీ, ఆ వల ఈ గోడకు కాదు, ఎదుటి గోడకు" అన్నారు. ఇద్దరం వాదించుకున్నాం. చుట్టూ ఉన్నవాళ్లు ఇద్దరి మాటా విని చెరొకవైపు చేరారు. ఇంకొకావిడ ఏ దారాన్నీ ముట్టుకోకుండా చాలాసేపు ఒక మూల నిలబడి, వెళ్లేముందు దగ్గరకు వచ్చి "ఆ మూడోది నాది. మీరు చెప్పినంత బాగా వేయలేదు నేను" అని నా చేయి పట్టుకున్నారు. ఆ మూలన ఏమి వేలాడిందో చెప్పానే కానీ, వేసిన మనిషి ఎదురుగా ఉన్నారని గుర్తుపట్టలేకపోయాను.

ఇంకొకటి చెప్పాలి. నాలుగో రాత్రి, ఇంకా దారాలు కడుతుండగా, తూర్పు గోడకు ఎడమవైపు తల ఎత్తులో టార్చి వెలుగు ఒక గుంట మీద ఆగింది. మిగతావాటిలా లేదు. వెడల్పుగా, కోలగా, ఒకవైపు లోతుగా ఉంది. ఆమె దబ్బనం ఎత్తారు.

"ఇది నేను పెట్టింది కాదు" అన్నాను.

పెద్దాయన లప్పం రేకుతో నింపాక చివర్లో బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కేవారు. ఉప్పుకాగితం పట్టేముందు అది ఆరిందో లేదో తెలుసుకోవడానికి. నాకు ఆ అలవాటు అబ్బలేదు. ఆ మొదటి రోజు, నేను డబ్బా అందించిన రోజు, మేమిద్దరం పనిచేసిన గోడ అదే. ఎన్ని కోటింగులు పడ్డా ఆ బొటనవేలి పల్లం పూడలేదు. కళ్లకు కనిపించదు, టార్చి పక్కవాటుగా పడితేనే లేస్తుంది.

ఆమె నన్ను చూశారు. "తెరవమంటారా?"

వద్దన్నాను. ఆమె దబ్బనం దించి, పక్కనున్న పుల్ల నుంచి ఒక దారాన్ని తెచ్చి, ఆ పల్లం మీదుగా గోడకు తగలకుండా అవతలి పుల్లకు లాగి కట్టారు. ప్రదర్శన రోజున ఆ దారాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకుని ఉంటే ఏమి చెప్పేవాణ్ణో ముందే ఆలోచించి పెట్టుకున్నాను.

రెండేళ్ల తరువాత హాలు ఖాళీ చేయాల్సి వచ్చింది. యజమానికి ఆ స్థలంతో వేరే పని పడింది. ఒప్పందం ప్రకారం గోడలు, నేల, కప్పు తీసుకున్నప్పుడు ఎలా ఉన్నాయో అలాగే అప్పగించాలి. ఇనుప బీరువా ఒకరింటికి, నిచ్చెన ఇంకొకరింటికి వెళ్లాయి. రిజిస్టర్లు నేను తెచ్చుకున్నాను. చివరి వారం పాత కమిటీల వాళ్లు చాలామంది వచ్చారు, తలా ఒక రేకుముక్క పట్టుకున్నారు. ఎవరి మేకుల దగ్గర వాళ్లే లప్పం పెట్టుకున్నారు. ఎవరూ చెప్పి చేయించింది కాదు, అలా జరిగిపోయింది. తూర్పు గోడ ఎడమవైపు నాకు వదిలేశారు.

అక్కడ నింపడానికి ఏమీ లేదు. ఉప్పుకాగితం ఆ పల్లానికి చుట్టూ తిప్పాను. రోలరు దాని మీదుగా ఒక్కసారే, తేలికగా పోనిచ్చాను.

మర్నాడు యజమాని వచ్చి కప్పు చూశారు, నేల చూశారు. తరువాత గోడల వెంట నడుస్తూ పెచ్చులేమైనా ఉన్నాయేమోనని అరచేత్తో రాస్తూ వెళ్లారు. తూర్పు గోడ దగ్గరకు వచ్చినప్పుడు నా చూపు ఆయన చేతిని వదల్లేదు. ఆయన అరచేయి ఆ పల్లం మీదుగా ఆగకుండా సాగిపోయింది. "బాగుందండీ" అన్నారు. తాళంచెవులు ఆయన చేతిలో పెట్టాను.